మా బావ ఇచ్చిన నిష్పాక్షిక సాక్ష్యం

మా బావ పోటీ పరీక్షలకు వ్యాసం రాయడం నేర్పుతాడు. ఆయన పనిచేసే కోచింగ్ సెంటర్ కిందే నా జిరాక్స్ షాపు. ఈ ఊరి ఆఫీసుల్లో కుర్చీలు అరగదీస్తున్న వాళ్ళలో సగం మంది నా మెషీన్ వేడికి పండినవాళ్ళే. ఒక పరీక్షల సీజన్లో అది ఎంత జోరుగా నడిచిందంటే, ఎదురు మేడ మీది బట్టలు దాని గాలికే ఆరిపోయాయి. డిగ్రీ రెండో ఏడు మానేసినవాణ్ణి కాబట్టి నా మాట నమ్మరేమో. చదువుకున్నవాళ్ళ మాటలు ఎలా నమ్ముతున్నారో ఇదీ అలాగే నమ్మండి.

వయసులో ఉండగా బావ కూడా ఆ పరీక్షలు రాశాడు. మొదటిసారి తనకు తోచిందంతా వ్యాసంలో కుండబద్దలు కొట్టినట్టు రాసి, సరిగ్గా ఆ వ్యాసంలోనే తప్పాడు. ఎందుకు తప్పాడో ఎవరూ చెప్పలేదు. సొంత అభిప్రాయం చెప్పినందుకే తప్పానని తనకు తానే తేల్చుకున్నాడు. ఆయన చేతిరాత చూసినవాళ్ళకు మాత్రం వేరే అనుమానం వస్తుంది. దిద్దినాయనకు అభిప్రాయం దాకా వెళ్ళే ఓపిక ఉండి ఉండదు. ఏదైతేనేం, ఆనాటి నుంచి బావ ఏ మాటనూ ఒంటరిగా నోరు దాటనివ్వడు. పక్కన దాని ఎదురుమాటను కూడా కూర్చోబెట్టి మరీ సాగనంపుతాడు.

మా అక్కను చూడటానికి వచ్చినప్పుడు, "అమ్మాయి నచ్చిందా బాబూ?" అని మా నాన్న అడిగాడు. బావ ఉపోద్ఘాతంతో మొదలుపెట్టాడు. అనుకూలాంశాలు ముగిసేసరికి కప్పుల్లో టీ చల్లారింది. ప్రతికూలాంశాలు మొదలయ్యేసరికి మా నాన్న గుర్రు పెట్టాడు. ఆయన లేచేలోపు మిగతా పెద్దవాళ్ళు విసుగెత్తి పెళ్ళి ఖాయం చేసేశారు. ఆ వ్యాసానికి ముగింపు ఏమిటో మా అక్కకు ఇప్పటికీ తెలియదు.

క్లాసులోనూ ఇదే తంతు. "అభిప్రాయం ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు" అంటాడు. అనుకూలం ఎన్ని వరుసలో ప్రతికూలం అన్ని వరుసలు ఉండాలి. స్కేలు పెట్టి కొలుస్తాడు. ఒకసారి వరదల మీద వ్యాసం రాయిస్తే, వరద పక్షాన ఒక్కరూ మాట్లాడలేదని క్లాసు మొత్తానికి మార్కులు కోసేశాడు. ఒక కుర్రాడు లేచి, "సార్, మా ఇల్లు వరదలోనే పోయింది" అన్నాడు.

"అది నీ వ్యక్తిగత అనుభవం. కూర్చో" అన్నాడు బావ.

ముందు నిజం ఏమిటో తేల్చుకోవాలి, అది మనవాళ్ళకు నచ్చకపోయినా చెప్పాలి, నిష్పాక్షికత అంటే అదీ. ఆ మాత్రం చదువు మానేసిన నాకు తెలుసు. చదువు చెప్పేవాడికి మాత్రం అది అటు నాలుగు వరుసలు, ఇటు నాలుగు వరుసలు.

ఆ సెంటర్ రెండో అంతస్తులో ఉంటుంది. మెట్ల పక్కనున్న ఇనప రెయిలింగ్ ముసలివాడి పన్నులా ఊగుతుండేది. మెట్ల కింద గదిలో వాచ్‌మన్ పెద్దాయన, ఆయన భార్య కాపురం ఉండేవారు. డైరెక్టర్ కనిపించినప్పుడల్లా పెద్దాయన, "సార్, రెయిలింగ్ ఊడొచ్చేలా ఉంది, వెల్డింగ్ వాణ్ణి పిలిపించండి" అనేవాడు. "చూద్దాంలే" అనేవాడు డైరెక్టర్. బావ పక్కనే నిలబడి వినేవాడు. ఈ విషయంలో రెండు వాదనలూ బలంగానే ఉన్నాయని అనుకుంటూ ఉండేవాడు కాబోలు.

ఒక ఉదయం క్లాసు వదిలాక ఒక అమ్మాయి దిగుతూ ఆ రెయిలింగ్ మీద చెయ్యి వేసింది. అది మొదలంటా ఊడింది. అమ్మాయి కింది మలుపులో పడి కాలు విరగ్గొట్టుకుంది. వెనక మెట్టు మీద ఉన్నది మా బావ ఒక్కడే.

సాయంత్రానికల్లా డైరెక్టర్ ఒక కథ అల్లేశాడు. వాచ్‌మన్ బట్టలారేసుకునే తాడు రెయిలింగ్‌కు కట్టి, లాగి లాగి వదులు చేశాడట. మున్సిపాలిటీ ఇంజనీరు విచారణకు వచ్చాడు. తప్పు వాచ్‌మన్‌దని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది, తలదాచుకునే గదీ పోతుంది. అక్కడ ఏ తాడూ ఎన్నడూ లేదని రోజూ ఎక్కి దిగే బావకు తెలుసు. "మీరు చూసింది రాసివ్వండి మాస్టారూ" అన్నాడు ఇంజనీరు.

బావ రాసి, కాపీ తీయమని నా దగ్గరికే తెచ్చాడు. "మానవ నాగరికతా వికాసంలో మెట్ల పాత్ర విశిష్టమైనది" అని మొదలైంది. తర్వాత, రెయిలింగ్ నాణ్యతపై కొన్ని సందేహాలు లేకపోలేదట. మరోవైపు, వినియోగదారుల బాధ్యతనూ విస్మరించలేమట. తాడు ఉందనే వాదనకూ, లేదనే వాదనకూ చెరో పేరా. సమన్వయ దృక్పథమే శరణ్యమని ముగింపు.

"బావా, ఇది సాక్ష్యమా, సంధి ఒప్పందమా?" అన్నాను.

"నీకు వ్యాసం గురించి ఏం తెలుసురా?"

ఊరుకుంటానా. ఇంజనీరును పట్టుకుని, రెయిలింగ్ బాణంలా దూసుకొచ్చి నా షాపు బోర్డుకు గుచ్చుకుందని, పీకడానికి నలుగురు పట్టారని చెప్పాను.

"మీరు అప్పుడు పైన ఉన్నారా?" అన్నాడాయన.

"లేను."

"అయితే పక్కకు జరగండి."

పైన ఉన్న ఒకే ఒక్క మనిషి మా బావ. ఆయన రాసిచ్చిన కాగితం చదివి ఇంజనీరు తల పట్టుకున్నాడు. మర్నాడు ఆఫీసుకు వచ్చి నోటితో చెప్పమని బావకు కబురు పెట్టాడు.

ఆ పూట ఇంట్లో అక్క ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది. "ఏమండీ, తాడు ఉందా?"

"లేదు."

"ఆ పెద్దాయన ముందే చెప్పాడా?"

"ఎన్నోసార్లు. నా ఎదురుగానే."

"అమ్మాయి తోసిందా?"

"చెయ్యి వేసింది అంతే. వేయగానే ఊడింది."

అద్దంలో చూసినట్టు చెప్పాడు. అక్క కత్తి పక్కన పెట్టింది. "మరి అదే రాయొచ్చుగా?"

"అది నా అభిప్రాయం అవుతుంది కదా" అన్నాడు బావ.

కళ్ళతో చూసినదాన్ని అభిప్రాయం అనుకునే మనిషికి ఆమె ఇంతకాలం అన్నం పెట్టింది. "ఈ మూడు ముక్కలూ చెప్పి నోరు మూసుకోండి. నాలుగో ముక్క వద్దు" అంది. నా వైపు తిరిగి, "నువ్వు వెంట వెళ్ళరా. నువ్వు మాత్రం నోరు తెరవకు" అంది.

ఇంజనీరు గది బయట బెంచీ మీద వాచ్‌మన్ పెద్దాయన ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బావను చూసి లేచి నిలబడ్డాడు. "మీరు ఉన్నారు కదా సార్, నాకు బెంగ లేదు" అన్నాడు.

లోపల బావ బాగానే మొదలుపెట్టాడు. "తాడు లేదండీ. రెయిలింగ్ ఊగుతోందని వాచ్‌మన్ డైరెక్టర్‌కు ముందే చెప్పాడు, నేను విన్నాను. అమ్మాయి చెయ్యి వేయగానే ఊడింది." నాకు ఛాతీ పొంగింది. ఇంజనీరు చకచకా రాసుకున్నాడు. "ఇంకేమన్నా ఉందా?" అని మామూలుగా అడిగాడు. ఎవరైనా లేదండీ అంటారు. బావ గొంతు సవరించుకున్నాడు. నేను కాలు తొక్కాను. ఆయన కాలు పక్కకు జరుపుకున్నాడు.

"అయితే, దీన్ని మరో కోణంలోంచి కూడా చూడవచ్చునండీ. నేను లేని వేళల్లో తాడు కట్టి ఉండవచ్చుననే వాదనను పూర్తిగా తోసిపుచ్చలేం."

"అంటే కట్టి ఉండవచ్చు అంటారా?"

"అవకాశం అనేది..."

ఇంజనీరు కలం ఆగింది. రాసిందంతా అడ్డంగా కొట్టేశాడు. కింద ఒక్క వరుస రాసి, చదివి వినిపించాడు. "సాక్షి ఏ విషయమూ నిర్ధారించలేదు." ఫైలు మూసేశాడు. ఇక మిగిలింది డైరెక్టర్ మాటే.

బయటికి రాగానే పెద్దాయన ఎదురొచ్చాడు. "ఏమైంది సార్?"

"పూర్తిగా ప్రతికూలం అనలేం..." అని మొదలుపెట్టాడు బావ.

పెద్దాయన చివరిదాకా వినలేదు. "అర్థమైంది సార్. రేపు గది ఖాళీ చేస్తాం. ఇంటిదానికి చెప్పాలి" అని మెట్లు దిగిపోయాడు.

దారిలో చాలాసేపు నడిచాక బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇద్దరికీ అన్యాయం జరగకుండానే మాట్లాడాను కదరా? నువ్వేమంటావు?"

ఆయన ఒకరి అభిప్రాయం అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. చెప్పాను. ఒకే వైపు నుంచి, నడిరోడ్డు మీద, సోడా బండివాడు సీసాలు కడగడం ఆపి వినేంత వివరంగా చెప్పాను. అందులో ఒక్క ముక్క కూడా ఇక్కడ అచ్చు వేయడానికి పనికిరాదు.