పేరు పెట్టి పిలిచిన రోజు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను శామీర్‌పేటలో అంగన్‌వాడీ టీచర్‌ని. అన్నం తినకపోతే దయ్యం పట్టుకుపోతుందని పిల్లల్ని బెదిరించే తల్లులతో ఎన్నిసార్లు గొడవపడ్డానో నాకే తెలియదు. దిష్టి తీసి బజారులో పారేసిన నిమ్మకాయల్ని తొక్కుకుంటూ డ్యూటీకి పోయేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మావి చేపలు పట్టే కుటుంబాలు. నా పుట్టిల్లు రావల్కోల్. పెళ్లయి శామీర్‌పేటకు వచ్చాను. మా ఆయన చెరువులో వల వేసేవాడు. ఎడమ చేతివాటం మనిషి. వలను ఎడమ భుజం మీద వేసుకుని, అంచును పంటితో పట్టుకుని విసిరితే అది గుండ్రంగా విచ్చుకుని పడేది. చెరువులో నీళ్లు తగ్గిపోయిన ఏడాది వల చుట్టి పెట్టి లారీ ఎక్కాడు. కోస్తా చెరువుల చేపల్ని ఐసులో పెట్టి మణిపూర్ దాకా తీసుకెళ్లే లారీలవి. వెళ్లి రావడానికి ఇరవై రోజులు పట్టేది.

లారీలో కూడా వల తీసుకెళ్లేవాడు. దారిలో నీళ్లు కనబడితే దిగి, నాలుగు చేపలు పట్టి వండుకోవాలి. లారీ నిండా చేపలుంటే నీకిదేం పాడు బుద్ధి అని నేను నవ్వేదాన్ని. ఐసులో చేప చేపే కాదని ఆయన వాదన.

తొంభై నాలుగులో లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. రెండో డ్రైవరు మా గడపలో కూర్చుని ఏడుస్తూ చెప్పాడు. ఇంఫాల్‌లో లోడు దించాక, మోరే అనే ఊరికి ఇంకో కిరాయి దొరికిందట. మోరే మన దేశానికి చివరి ఊరు. ఊరి పక్కన ఒక వాగు, వాగు అవతలి ఒడ్డు బర్మా. మధ్యాహ్నం వల తీసుకుని వాగులోకి దిగిన మనిషి మళ్లీ కనబడలేదట. రెండు రోజులు వెతికారు. శవమూ లేదు, వలా లేదు. అటు ఒడ్డుకు వెళ్లాడేమో, వెళితే వాళ్లు పట్టుకుని జైల్లో వేస్తారు, ఏళ్ల తరబడి కబురు కూడా ఉండదు అని అక్కడివాళ్లు అన్నారట.

ఆ చివరి మాటే మమ్మల్ని తొమ్మిదేళ్లు బతికించింది, తొమ్మిదేళ్లు చంపింది. ఆ దేశంలోకి ఎవరినీ పోనివ్వరు, అందులోంచి ఎవరినీ రానివ్వరు. ఉత్తరం పోదు, ఫోను పోదు. అలాంటి చోట మనిషి ఉన్నాడంటే ఉన్నట్టే, లేడంటే లేనట్టే.

మా వైపు పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి జంగమయ్యకు బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఏటా ఆ రోజు మా ఇంట్లో అదే పంచాయితీ. ఆయన పేరు కూడా చెబుదామని చుట్టాలు అనేవాళ్లు. మా అత్తమ్మ చీపురు తీసేది.

“నా మల్లేశు సచ్చిండని మీకెవలు జెప్పిండ్రు? ఆని పేరు మీద బియ్యమిచ్చినోళ్ల చేతులు ఇరగ!”

అదే సాయంత్రం బతుకమ్మ మొదలవుతుంది. ఆట అయ్యాక ఆడవాళ్లు గౌరమ్మ పసుపు తీసి ఒకరి పుస్తెలకు ఒకరు రాసుకుంటారు. నా దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయేవి. ఆ ఆగిన చేతిని చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, చెంప మీద ఒకటి కొట్టాలనీ ఉండేది. కొన్నేళ్లకు నేనే బతుకమ్మ దగ్గరికి వెళ్లడం మానేశాను.

రెండు వేల మూడులో అత్తమ్మ మంచం పట్టింది. ఒకరోజు నన్నూ మా మరిది యాదగిరినీ పిలిచింది.

“నేను ఇగ ఎన్నో దినాలుండ. ఒక్కపారి పోయి సూసి రాండ్రి. ఉంటే తోల్కరాండ్రి. లేడని రుజువైతే ఆడనే బియ్యమియ్యిండ్రి. మధ్యల ఏలాడవడితే నా పాణం పోదు.”

మా పొలం బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడికాయ మూటగట్టి ఇచ్చింది. నేను ఆ మూట ఒళ్లో పెట్టుకుని గౌహతి దాకా రైల్లో, అక్కడి నుంచి ఇంఫాల్ దాకా బస్సుల్లో, ఆపైన జీపులో వెళ్లాను. పెత్రమాసకు రెండు రోజుల ముందు మోరేలో దిగాం.

మేం వెళ్లిన వారం సరిహద్దు గేటు మూసేసి ఉంది. ఎందుకని అడిగితే అవతలివాళ్లు మూశారు అన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు. యాదగిరి బస వెతకడానికి వెళ్లాడు. రెండో డ్రైవరు చెప్పిన గుర్తుల ప్రకారం నేను వాగు దగ్గరికి దిగాను. మధ్యాహ్నం మూడు దాటింది, ఎండ బాగా ఉంది. వాగు మా ఊరి రోడ్డుకు రెండింతల వెడల్పు ఉంటుందేమో. రాయి విసిరితే వేరే దేశంలో పడుతుంది. దీనికోసమా మేము తొమ్మిదేళ్లు ఏడ్చింది అనిపించింది.

అవతలి ఒడ్డున నీళ్లలోకి వాలిన ఒక బండ ఉంది. దాని మీద ఒక మనిషి నిలబడి వల సర్దుకుంటున్నాడు. ఎడమ భుజం మీద వల. పంటితో అంచు పట్టుకున్నాడు. విసిరాడు. అది గుండ్రంగా విచ్చుకుని పడింది.

ముఖం పక్కకు ఉంది. కానీ తాళి కట్టినవాడి మెడ, వీపు నాకు తెలియవా? నీలం బనియను, మోకాళ్ల పైకి కట్టిన గళ్ల లుంగీ. ఇంటి నుంచి బయలుదేరిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నా తలలో అప్పటికే తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆయన జుట్టు నల్లగానే ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా ఇళ్లలో మొగుణ్ని పేరు పెట్టి పిలవం. పిల్లలుంటే ఫలానా వాళ్ల నాయినా అని పిలుస్తాం. మాకు పిల్లలు లేరు. ఏడేళ్ల కాపురంలో నేను ఆయన్ని ‘ఇగో’, ‘నిన్నే’ అనే పిలిచాను. ఆ రోజూ అలాగే అరిచాను. ఇగో, ఇగో, నిన్నే అని గొంతు పోయేలా అరిచాను. వాగు చప్పుడులో ఎవరు ఎవరిని పిలుస్తున్నారని తెలియాలి? ఆయన తిరగలేదు. పేరు నాలుక చివర దాకా వచ్చింది. సిగ్గో, భయమో, పేరు పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన మాటో, ఏదో అడ్డం పడింది. దిష్టి నిమ్మకాయలు తొక్కే నేనే, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

యాదగిరైతే అన్నా అని పిలుస్తాడు కదా అని పైకి పరుగెత్తాను. ఇద్దరం తిరిగి రావడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బండ మీద ఎవరూ లేరు. బండంతా ఎండకు పొడిగా ఉంది, నడుమ వల పరిచినంత మేర మాత్రం తడి. ఆ తడిని యాదగిరి కూడా చూశాడు. గొంతు చించుకుని అన్నా అన్నా అని పిలిచాడు. గేటు కాడి జవాను వచ్చి మమ్మల్ని వెనక్కి పంపేశాడు.

ఆ రాత్రంతా యాదగిరి సంతోషంతో నిద్రపోలేదు. నేనూ సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు, తెల్లారి లేచి బొట్టు కాస్త పెద్దగా పెట్టుకున్నాను.

మరునాడు ఫొటో పట్టుకుని ఊరంతా తిరిగాం. బజారులో ఇడ్లీలు అమ్మే ఒక ముసలామె తెలుగులో పలకరించింది. పేరు నూకాలమ్మ. పుట్టింది బర్మాలో, పెద్దలది విశాఖ వైపు. అక్కడి నుంచి వెళ్లగొడితే నడిచొచ్చి ఈ గట్టున ఆగిపోయినవాళ్లట. ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మొహం చెప్పలేనమ్మా. నీళ్లలో నానిపోయిన మొహం. ఎడం చేతి మీద చేప బొమ్మ పచ్చబొట్టు ఉందా మీవోడికి?”

ఉంది. మేడ్చల్ జాతరలో నా ఎదురుగానే పొడిపించుకున్నాడు.

తొమ్మిదేళ్ల కింద, లారీ వెళ్లిపోయిన నాలుగైదు రోజులకు, వాగు దిగువన ఒక శవం వల చుట్టుకుని తేలిందట. ఊరూ పేరూ తెలియదు. మనవాళ్లలా ఉన్నాడని నూకాలమ్మ భర్తే కొరివి పెట్టాడట. ఆయన కూడా ఇప్పుడు లేడు. కాల్చిన చోటు చూపించింది. అక్కడ గడ్డి మొలిచి ఉంది. నేను ఏడవలేదు. అయితే నిన్న ఎవరు అని అడిగాను. నూకాలమ్మ నా వైపు చూసి, “అటు మనుషులెవరూ రారమ్మా ఈ వారం. గేటు మూస్తే ఆ ఒడ్డుకి కుక్కనైనా రానివ్వరు,” అంది.

పెత్రమాస నాడు పొద్దున్నే వాగు ఒడ్డుకు వెళ్లాం. బియ్యం పుచ్చుకునే జంగమయ్య అక్కడెక్కడ దొరుకుతాడు? నూకాలమ్మే చేట పట్టుకుని వచ్చింది. “మా ఆయన కొరివెట్టాడు. పుచ్చుకునే హక్కు నాకుంది,” అంది. యాదగిరి మాత్రం మూట ముట్టుకోలేదు.

“నేనియ్య వదినా. మొన్ననే గా తడి సూస్తిమి గదా. అన్న మీద బియ్యం నా చేత్తోని ఎట్ల ఇయ్యాలె?”

అందుకని నేనే దోసిట్లోకి బియ్యం తీసుకున్నాను. ఇచ్చేటప్పుడు పేరు చెప్పాలి. చేటలోకి వదులుతూ, ఆ అవతలి బండ వైపు చూస్తూ, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి ఆయన పేరు పలికాను. “మల్లేశం” అన్నాను. గట్టిగా కూడా కాదు.

“ఆఁ... వస్తున్న” అని వినబడింది.

అవతలి ఒడ్డు నుంచి. ఇంట్లో వెనక నుంచి అత్తమ్మ పిలిస్తే చేతిలో పని వదలకుండా పలికే గొంతు. యాదగిరి చేతిలో చెంబు కింద పడింది. నూకాలమ్మ ఒక్కసారిగా అటు తిరిగింది. ముగ్గురం విన్నాం. అక్కడ మనుషులు లేరు. బండ పొడిగా ఉంది.

అటువైపు తెలుగువాళ్లు ఉండొచ్చు, ఎవరో ఎవరికో పలికి ఉండొచ్చు. నేను అదే ఆలోచించాను. కానీ నూకాలమ్మ వాళ్ల తెలుగు అలా ఉండదు. ఆ మాటది మా ఊరి యాస. పొద్దు గుంకే దాకా కూర్చున్నాం. ఎన్నిసార్లు పిలిచానో! సిగ్గు విడిచి, నోరు నొప్పి పుట్టేలా పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పలకలేదు.

ఇంటికి వచ్చాక ఏదీ దాచలేదు. పచ్చబొట్టు సంగతి చెప్పాను, కాల్చిన చోటు చెప్పాను. అత్తమ్మకు అవేవీ చెవికెక్కలేదు.

“పిలిస్తే పలికిండా?”

“పలికిండు అత్తమ్మా.”

“ఏమన్నడు?”

“వస్తున్న అన్నడు.”

ఆమె మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. కళ్ల నుంచి ధారలు.

“వస్తున్న అన్నోనికి బియ్యం ఎట్లిస్తివే? గా మొదటి దినం కండ్ల ముందల ఉంటే పేరు పెట్టి పిలువకపోతివి. సచ్చినోళ్లల్ల కలిపేటందుకు పిలిస్తివి.”

మా అత్తమ్మ చెడ్డది కాదు. కొడుకు పోయిన తల్లి నోటికి వచ్చిన మాట అది. కానీ ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను వదలలేదు. ఆ తర్వాత ఆమె రెండేళ్లు బతికింది. రోజూ రెండు పూటలా కొడుకు కంచంలో అన్నం పెట్టించేది. ఎండిన ఆ అన్నాన్ని రోజూ నేనే తీసేదాన్ని.

ఆ రోజు పలికింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి రోజు బండ మీద ఉన్నది ఎవరో తెలియదు. కాలిపోయిన మనిషి వల విసరడు. ఆ లెక్క నాకు తెలుసు. దయ్యాలు లేవని ఇప్పటికీ పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అయినా ఆ రోజు అరిచిన ‘ఇగో’కు బదులు పేరు పిలిచి ఉంటే ఆయన తలతిప్పి చూసేవాడేమో అన్న ఆలోచన వస్తే, చేస్తున్న పని మధ్యలోనే కూలబడిపోతాను.

ఇప్పటికీ ఏటా పెత్రమాసకు జంగమయ్య మా ఇంటికి వస్తాడు. మామ పేరు చెబుతాం, అత్తమ్మ పేరు చెబుతాం. చేట ముందు పెట్టుకుని ఆయన అడుగుతాడు, “ఇంకెవరన్నా ఉన్నరా అమ్మా?” అని. యాదగిరి తల దించుకుంటాడు. ఎవరూ లేరయ్యా అని నేనే చెబుతాను.