లెక్క సరిపోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బడికి పోయి అంకెలు నేర్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు తెలుసు, ఇంట్లో వాళ్ళకూ తెలుసు, తెలియని వాళ్ళు ఎదురైతే నేనే చెప్పేదాన్ని. మా నాయన వేళ్ళు మడిచి ఇరవైల చొప్పున లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికొచ్చేవాడు. నేనలా కాదు, గడగడా చెప్పేసేదాన్ని. మూడో తరగతికే నాకు తెలివి ఎక్కువ, ఓర్పు తక్కువ అని పేరు వచ్చింది. రెండోది ఈ రోజుకీ పోలేదు.

మాది పలమనేరు పక్కన చిన్న పల్లె. మాకు ముప్పై ఎనిమిది నల్ల గొర్రెలు ఉండేవి. వాటి ఉన్నితోనే మా బతుకు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఉన్నిని మా అవ్వ కదురు మీద వడికేది, అమ్మ ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించేది, నాయన మగ్గం మీద గొంగళ్ళు నేసేవాడు. అవ్వకు అప్పటికే రెండు కళ్ళకూ పొరలు వచ్చాయి. వెలుతురూ నీడా తప్ప పెద్దగా ఏమీ ఆనేది కాదు. అయినా నూలు తెగితే చీకట్లోనైనా అతికేది. గొర్రెలను మాత్రం నేను తన కంటే బాగా చూసుకుంటానని నా గట్టి నమ్మకం. కళ్ళున్నదాన్ని కదా!

ఉన్ని కత్తిరించే రోజంటే మాకు పండగ కిందే లెక్క. ముందురోజే గొర్రెలన్నింటినీ వంకలో దించి, రుద్ది కడిగి, ఆరబెట్టేవాళ్ళం. మరునాడు వంక పక్కన పెద్ద బండ మీద కత్తెర్ల వాళ్ళు కూర్చునేవారు. ఆ ఏడు పొరుగూరి పెద్దాయన ఒకాయన కూడా తన మందను అదే బండ దగ్గరికి తోలుకొచ్చాడు. తెల్లవారితే ఆయన మందతో కొండల వైపు పోతాడు, మళ్ళీ నెల దాకా ఇటు రాడు. రెండు మందలూ ఒకే చోట, ఒకే కత్తెర్ల కింద. రోజంతా దుమ్ము, అరుపులు, బండ మీద గుట్టలుగా నల్లటి ఉన్ని.

ఒక్క విషయం చెప్పాలి. ఎవరి గొర్రెలు ఎవరివో తెలియడానికి వీపు మీద ఉన్నికి ఎర్రటి జాజు పూసేవాళ్ళు. మాది గుండ్రటి గుర్తు, ఆయనది పొడుగు గీత. ఉన్ని పోయాక గుర్తు కూడా దానితోనే పోయింది. పొద్దున ఒక్కొక్కటీ నాకు తెలిసిన మొహమే. సాయంత్రానికి ముప్పై ఎనిమిదీ గుండు చేయించుకుని కొండ దిగిన వాళ్ళలా ఒక్క తీరుగా కనిపించాయి. నేను ఇన్నాళ్ళూ వాటిని గుర్తుపట్టింది వాటి చొక్కాలను చూసేనని అప్పుడు నాకు తట్టలేదు.

అమ్మా నాయనా ఉన్ని మూటలు కట్టుకుని వెనక వస్తామన్నారు. మందను ఇంటికి తోలే పని నాకు అప్పగించారు. “అన్నీ ఉండాయా పాపా?” అని నాయన బండ మీది నుంచే అరిచాడు. రెండు రాళ్ళ మధ్య నుంచి ఒక్కొక్కదాన్నే పోనిచ్చి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. “సరిగ్గా ఉండాయి నాయనా!” అన్నాను. నా గొంతులో ఆ రోజున్న ధీమా ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

ఇంటి దగ్గర గొర్రెపిల్లలను అవ్వ గంపల కింద ఉంచింది. పొద్దున్నుంచీ పాలు లేక అవి ఒకటే అరుపు. నేను మందను దొడ్డిలోకి తోలి, తడిక మూసి, “అన్నీ వచ్చినాయి అవ్వా, లెక్కబెట్టినా” అన్నాను. అవ్వ తల పక్కకు వంచి కాసేపు వింది.

“లెక్క వచ్చింది సరే. గొర్రెలన్నీ వచ్చినాయా?”

నాకు ఒళ్ళు మండింది. రెండింటికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. అవ్వ వాదన పెట్టుకోలేదు, గంపలు ఎత్తమంది. ఎత్తాను. పిల్లలు దూకుతూ వెళ్ళి, ఉన్ని లేని తల్లులను చూసి బిత్తరపోయాయి. తల్లులు పిలుస్తున్నాయి, పిల్లలు నమ్మడం లేదు. ఆ గోలంతా చూసి నేను నవ్వాను. కాసేపటికి వాసన పట్టి ఒక్కొక్క పిల్లా తన తల్లి కిందకు దూరింది. దొడ్డి సద్దుమణిగింది.

ఒక్క పిల్ల మాత్రం మిగిలింది. పుట్టి అయిదు రోజులైన పిల్ల. అది ప్రతి గొర్రె దగ్గరికీ పోతోంది, ప్రతిదీ దాన్ని తలతో నెట్టేస్తోంది. అటు తడిక దగ్గర ఒక గొర్రె బయటికి చూస్తూ ఆపకుండా అరుస్తోంది. పిల్ల దాని దగ్గరికీ పోయింది. అది కూడా పొడిచి తోసేసింది.

“ఆ అరిచే గొర్రె మనది కాదు మే,” అంది అవ్వ. “దాని గొంతే మనది కాదు. మన కోరచెవి గొర్రె వాళ్ళ మందలో పడింది.”

కోరచెవిదంటే మొన తేలిన చిన్న చెవులది; నేను అంకెలే చూశాను గానీ చెవులు చూడలేదు. నా నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు. ఇంకో గొర్రె ఆ పిల్లకు పాలివ్వదు. తెల్లవారితే పెద్దాయన మంద కొండల్లో ఉంటుంది. నెల రోజుల తర్వాత తల్లి తిరిగొచ్చినా, పిల్ల ఉండదు. లెక్క సరిపోయిందని నేను అరిచిన అరుపుకు ఒక పిల్ల చచ్చిపోతుంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. “ఏడస్తా కూసుంటే పొద్దు ఆగతాదా? పిల్లనెత్తుకో” అంది.

పొద్దు వాలుతుండగా బయలుదేరాం. పిల్ల నా చంకలో, పరాయి గొర్రె తాడు అవ్వ ఒక చేతిలో, రెండో చెయ్యి నా భుజం మీద. కళ్ళు నావి, చెవులు తనవి.

పెద్దాయన వంక అవతల మందను పడుకోబెట్టి, పొయ్యి రాజేసుకుంటున్నాడు. సంగతి చెబితే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

“మావి సరిగ్గా ఉండాయక్కా. ఇప్పుడే లెక్కబెట్టినా. యాభై రెండు.”

అవ్వ గట్టిగా నవ్వింది. “మా పాపదీ సరిగ్గానే ఉండాదప్పా. నీ లెక్కా తప్పు గాదు, దాని లెక్కా తప్పు గాదు. ఈ పిల్లను అడుగుదాం ఉండు.” నా వైపు తిరిగి, పిల్లను కింద దించమంది.

నాకు భయం వేసింది. అంత మందలో అంత చిన్నది! తొక్కేస్తాయేమోనని రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. అవ్వ నా వేళ్ళు తడిమి, ఒక్కొక్కటీ విడిపించింది. పిల్ల వణుకుతూ నిలబడి ఒక్క అరుపు అరిచింది. మంద మధ్యలో ఎక్కడో ఒక గొర్రె పలికింది. మళ్ళీ పిల్ల, మళ్ళీ గొర్రె. పడుకున్న వాటిని దాటుకుంటూ, తోసుకుంటూ మా కోరచెవిది బయటికొచ్చింది. పిల్ల పరుగెత్తి దాని పొదుగులో తల పెట్టింది. తోక ఆడుతోంది, ఇక దానికి లోకంతో పని లేదు.

మేం తెచ్చిన గొర్రె తాడు తెంపుకున్నంత పని చేసి, ఆయన వెంట తెచ్చుకున్న గొర్రెపిల్లల గంపల దగ్గరికి పోయి నిలబడింది. అప్పటికింకా ఆయన తన పిల్లలను వదలనేలేదు. పెద్దాయన తలపాగా తీసి తల గోక్కున్నాడు. “పిల్లలను ముందే ఇడిసుంటే తెలిసిపోయేదక్కా” అన్నాడు. మాకు చెరో బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు నేనే అడిగాను, నా లెక్క ఎక్కడ తప్పిందని.

“యాడా తప్పలేదు పాపా. లెక్కకు తల్లీ పిల్లా తెలీదు, అంతే.”

ఆ మర్నాటి నుంచి అవ్వ నాకు కొత్త చదువు మొదలుపెట్టింది. తాను ఉన్ని వడుకుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోమనేది. దొడ్డిలో ఏది అరిచినా దాని పేరు నేను చెప్పాలి. తప్పు చెబితే కదురుతో తొడ మీద చిన్న దెబ్బ. మొదట్లో నా తొడకు తీరిక ఉండేది కాదు. ఉగాది నాటికి ముప్పై ఎనిమిదీ నాకు గొంతుతో తెలుసు. గొర్రెదాటు అని లోకం వెక్కిరిస్తుంది గానీ, ఒక గొర్రెను పోలిన ఇంకో గొర్రె నేనింతవరకు చూడలేదు.

ఆ ఉన్నితో నాయన నేసిన గొంగళి ఒకటి నాతోనే తిరుపతికి వచ్చింది. అక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు వార్డెన్‌గా చేశాను. సాయంత్రం హాజరు తీసుకుని, లెక్క సరిపోయాక కూడా, భోజనాల దగ్గర ఒక చుట్టు తిరిగేదాన్ని. చాదస్తమని వెనక నవ్వుకునేవారు, నవ్వుకోనిచ్చాను. ఒకనాడు ఒక పిల్ల తన పక్క జాగాలో ఎవరినీ కూర్చోనివ్వకుండా చెయ్యి ఆనించుకుని ఉంది. పుస్తకంలో చూస్తే అందరూ ఉన్నారు. ఆ జాగా ఎవరిదని అడిగాను. కళ్ళు మేడ మెట్ల వైపు తిప్పింది. మేడ మీద నీళ్ళ తొట్టి పక్కన, ఇంటి మీద బెంగతో, ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో ముడుచుకుని పడుకున్న పిల్ల దొరికింది. ఆమె పేరుకు “ఉన్నానమ్మా” అని పలికింది ఈ స్నేహితురాలే, మేలు చేస్తున్నాననుకుని. ఆ పిల్లకు నేను కప్పింది ఆ గొంగళినే. గరుకుగా ఉందని అంత జ్వరంలోనూ సణిగింది.

ఇప్పుడు ఆ గొంగళి నా మంచం మీద ఉంది. సెలవులకు మనవలూ మనవరాళ్ళూ దిగుతారు, వీధులన్నీ తిరిగి చీకటి పడే వేళకు గోలగోలగా లోపలికి వస్తారు. “అందరం వచ్చేశాం అవ్వా, తలుపేసుకో” అంటుంది పెద్దది. దానికీ నాలాగే లెక్కలు బాగా వచ్చు. సరేనంటాను గానీ వెంటనే తలుపు వెయ్యను. గడపలో నిలబడి, బయట ఇంకా ఎవరైనా పిలుస్తున్నారేమోనని కాసేపు చెవి పెట్టి వింటాను.