జ్ఞానమణి గారి మడి

మా ల్యాబులో మడి ఉండేది. నవ్వకండి. ఆ మడి పెట్టింది ఏ పూజలు చేసే ముత్తైదువో కాదు, బొల్లారం చర్చిలో ముప్పై ఏళ్లు సండే స్కూలు నడిపిన జ్ఞానమణి గారు.

వైరస్ గదిలో అడుగు పెట్టినవాళ్లు ఆ రోజంతా కణాల గది గడప తొక్కకూడదు. అదీ మడి. చేతులు కడిగామన్నా, ఏప్రన్ మార్చామన్నా వినేది కాదు. ఇంటికి పోయి, తలస్నానం చేసి, మర్నాడు రావాల్సిందే. కంపెనీ రూలులో తలస్నానం మాట లేదు, అది మేడం సొంతంగా కలిపింది. "ఏంది మేడం, మా నాయనమ్మ కంటే మీరే ఎక్కువున్నరు" అని ఏడిపించేదాన్ని. "మీ నాయనమ్మ ఇంట్ల వైరస్ గది లేదు గదా" అనేది, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ఆవిడ బీఎస్సీ జువాలజీ చదివి ఆ కంపెనీలో చేరేనాటికి నేనింకా పుట్టలేదు. అప్పట్లో ఆవిడ పని పురుగులు పెంచడం. పొద్దున్నే ఆముదం ఆకులు తెంపుకొచ్చి, డబ్బాల్లో ఉన్న పొగాకు లద్దె పురుగులకు మేత వేసేది. పురుగుల్ని చంపే వైరస్ ఒకటుంది. దాన్ని ఆ పురుగుల్లోనే పెంచి, చేల మీద చల్లే మందు చేసేవాళ్లు. రెజిమెంటల్ బజార్‌లో ఉండే వాళ్లత్తగారిని "మీ కోడలు ఏం పని చేస్తది?" అని ఎవరైనా అడిగితే, "ఆఫీసు" అనేసి మాట మార్చేదట. ఈ ముక్క చెప్పి మేడం పడీ పడీ నవ్వేది.

తర్వాత రోజులు మారాయి. మనక్కావలసిన ప్రోటీన్ తాలూకు జన్యువును అదే జాతి వైరస్‌లో పెట్టి, ఫ్లాస్కుల్లో పెంచిన పురుగు కణాల మీదికి వదలడం నేర్చుకున్నారు. ఆ కణాలు చచ్చిపోయేలోపు మన ప్రోటీన్‌ను బోలెడంత చేసిపెడతాయి. దాన్ని శుద్ధి చేసి టీకాలో వాడతారు. ఆ వైరస్ మనిషికి సోకదు. కానీ ముందే కణాల గదిలోకి దూరిందంటే మాత్రం విత్తనంగా పెంచుకుంటున్న కణాలన్నీ పోతాయి. మడి ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

ఫ్లాస్కు అడుగున అతుక్కున్న కణాలను ఊడదీయడానికి మేడం దాన్ని అరచేత్తో తట్టేది, పాలు తాగిన పసిబిడ్డ వీపు తట్టినట్టు. అదే పని నేను చేస్తే సగం చచ్చేవి. ఆదివారాలు ఆరాధన అయ్యాక తెల్లచీరతోనే వచ్చి వాటిని చూసిపోయేది. మధ్యాహ్నాలు ఆవిడ డబ్బాలోంచి చింతచిగురు పప్పు సగం నా డబ్బాలో పడేది. కాప్రా నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని, ఆకలి నకనకలాడేది. ఆ రోజులు, ఆ పప్పు, నా గ్లౌజుల సైజు మీద ఆవిడ వేసే జోకులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆవిడ రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా మా టీకా మనుషుల మీద పరీక్షకు పోవడానికి సిద్ధమవుతోంది. "నా పురుగులు మనుషుల పనికొస్తున్నయ్ స్వర్ణా. టీకా బండి గేటు దాటంగ నిలబడి చూడాలె. గంతే, ఇంకేం వద్దు నాకు" అనేది. రోజుకొకసారైనా అనేది.

ఆ రోజుల్లోనే నేను మడి చెడగొట్టాను.

పొద్దున వైరస్ గదిలో పని చేశాను. సాయంత్రం బస్సుకు పోతుంటే, కణాలకు మేత మార్చలేదని గుర్తొచ్చింది. మేడం ఏదో మీటింగులో ఉంది. చెబితే తిడుతుందని దొంగలా కణాల గదిలోకి దూరాను. ఏప్రన్ మార్చాను, గ్లౌజులు మార్చాను. మేత పీల్చి పోసే పిపెట్ గన్‌కు అక్కడ ఛార్జింగ్ లేదు. వైరస్ గదిలోంచి గన్ తెచ్చి పని ముగించి, దాన్ని అక్కడే మరిచాను. నా అంత తెలివిగలది లేదనుకుంటూ బస్సెక్కాను.

నాలుగో రోజుకు కణాలన్నీ వైరస్ సోకి ఉబ్బిపోయాయి. ఒక్క ఫ్లాస్కు మిగల్లేదు.

మేడం చాలాసేపు మైక్రోస్కోపులో చూసింది. తర్వాత వెళ్లి వైరస్ గది షెల్ఫు చూసింది. గన్ తన చోట లేదు. ఆ గదిలో చివరిగా పని చేసింది నేనే. నా దగ్గరికొచ్చి రిజిస్టర్ ముందు పెట్టింది. జరిగిందంతా తనే రాసింది, "కారణం" అన్న గడి మాత్రం ఖాళీగా వదిలింది.

"కారణం తెల్వదని రాస్తే ఈ కణాలనే నమ్మరు, పనంత బంద్ చేస్తరు. తెలిస్తే మళ్ల షురూ చెయ్యొచ్చు. నేను చాయ్ తాగొస్త" అని వెళ్లిపోయింది.

ఉద్యోగం పోతుందని ఏడ్చాను. ఏడుస్తూనే రాశాను, సంతకం పెట్టాను. మేడం వచ్చి చదివింది. ఆ సాయంత్రమే గడ్డకట్టించి దాచిన కణాలు బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టింది. నాకు మెమో ఇచ్చి వదిలేశారు. కానీ కొత్త కణాల పరీక్షలకే అయిదు నెలలు పట్టింది. ఆవిడ రిటైర్మెంటు మూడు నెలలకే వచ్చేసింది. దండ వేశారు, శాలువా కప్పారు, పంపేశారు.

బండి ఆ మరుసటి ఏడాది కదిలింది. గేటు దగ్గర నేను నిలబడ్డాను. మేడంను పిలిచి ఉండొచ్చు. పిలవలేదు. నాకు మొహం చెల్లలేదు.

ఆదివారం చర్చి వదిలే వేళకు బొల్లారంలో మేడం ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, కూర్చోమంది.

"బండి పోయింది మేడం, గురువారం."

"ఎన్ని డబ్బాలు?"

"ఆరు."

తల ఊపింది.

"నేనుండాల్సింది స్వర్ణా" అంది. "నువ్వు నిజం రాసినవ్. ఆ రోజే మాఫ్ చేసిన అనుకున్న. ప్రార్థనల సుత గదే చెప్పిన. కాని మాఫ్ కాలే. ఇంకా కోపమున్నది నాకు."

నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినిపించింది. రెండు కంచాలు పట్టుకొచ్చి, ఒకటి నా ముందు పెట్టింది.

"కోపం కోపమే. అన్నం తిని పో."