తాత కుట్టిన తోలుముక్క

ఆదివారం పొద్దున మా ఊరి క్రైస్తవుల పేట నుంచి కబురొచ్చింది, ఎద్దులతో నీళ్ళు తోడే బావి కపిలలకు తోలుబానలు కుట్టే తాత పోయాడని. ఆత్మకూరు చుట్టుపక్కల ఎన్నో మడులు ఆయన బానలతోనే తడిశాయి. నాకు మాత్రం ఆయన కుట్టి ఇచ్చింది బొటనవేలంత ముక్క.

వయసులో నాకు రాతి గుండు ఎత్తే పిచ్చి. ఉగాది నాడు కళ్ళంలో ఆ గుండ్రాయిని భుజం మీదికెత్తి వెనక్కి వేసినవాడే మా ఊళ్ళో మగాడు. రెండేళ్ళు పాటుపడ్డా నాకది రొమ్ము దాటలేదు. ఒకనాడు మా బావి దగ్గర బాన అతుకుతూ తాత నన్నే చూస్తున్నాడు.

"నీకు ఎడమపక్క పండ్లు కలవవు కదప్పా," అన్నాడు. "బరువెత్తేటప్పుడు దవడ కుడిపక్కకి పోతాండాది. దాని ఎంబడి మెడ, మెడ ఎంబడి భుజం. గుండు జారక ఏమైతాది?"

తోలుతాడు బిగించి లాగేటప్పుడు ఆయనా ఒక తోలుముక్క కరిచి పట్టేవాడు. "నోరు ఖాళీగా ఉంటే చేతికి సత్తువ రాదప్పా" అనేవాడు. నాకూ ఒకటి చేస్తానని మేకతోలు నువ్వులనూనెలో నానబెట్టి, ఎడమవైపు మందంగా కుట్టి, "కరిచి చూడు, యాడ ఒత్తుతాందో చెప్పు" అంటూ నాలుగు రోజులు గీకాడు. అది కరిచి ఎత్తితే గుండు మొదటిసారి నా భుజమెక్కింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఉగాది వచ్చింది. కళ్ళంలో గుండు నా రొమ్ము దాకా లేచింది. అంతలో గుంపులోంచి ఎవరో, "వాని నోట్లో ఏమిరా అది? పేటోళ్ళ తోలు కరుచుకోనుండాడే" అన్నారు. మా నాయన తల దించుకున్నాడు. నేను ఉమ్మేశాను. సిగ్గుపడి ఉమ్మేశాను, పాపిష్టివాణ్ణి. దవడ పక్కకు పోయింది, గుండు జారింది, పన్ను మీద పన్ను పడి సగం విరిగింది. దూరంగా నిలబడ్డ తాత, జనమంతా వెళ్ళాక వచ్చి దుమ్ములోంచి ఆ ముక్కను ఏరుకున్నాడు.

మూడు నెలలు ఆయనకు మొహం చాటేశాను. చివరికి ఆయనే మా దొడ్డిగోడ అవతలికి వచ్చి పిలిచాడు. చేతిలో శుభ్రంగా కడిగిన ఆ ముక్క.

"పన్ను ఇరిగినాక ఇది సరిపోదప్పా. మళ్ళా కొలత తీయల్ల. నోరు తెరువు."

ఉమ్మిన మాట ఎత్తనేలేదు. అదివరకు నేనూ ఊరందరిలాగే ఆయన్ని 'ఏరా' అన్నవాణ్ణే. ఆ రోజు నుంచి 'తాతా' అన్నాను. కొత్త ముక్కతో మా బావి దగ్గర ఎన్నిసార్లు గుండెత్తానో లెక్కలేదు, నలుగురిలో మాత్రం ఎన్నడూ నోట పెట్టుకోలేదు. తాత అడగలేదు. ఒక్కసారి అడిగి తిట్టి ఉంటే నా మనసు తేలికపడేది.

కబురొచ్చిన ఆదివారం సాయంత్రం పేటలో ఆయన్ని ఉంచిన పెట్టె లేపుతున్నారు. భారీ మనిషి. ఎడమపక్క ఒక భుజం తక్కువైంది. వీధి చివర మా నాయనా, ఊరివాళ్ళూ నిలబడి చూస్తున్నారు. నేను మొలలోంచి ముక్క తీసి, వాళ్ళందరి ఎదుటే పళ్ళ నడుమ కరిచి, భుజం ఆనించాను. దానికింకా నువ్వులనూనె వాసన పోలేదు.

సమాధుల దాకా పెట్టె ఏ పక్కకూ ఒరగలేదు.