తరుగు తీసిన బరువు

"తిండి తగ్గించమని ఎవరైనా చెప్పారా?" అని డాక్టరమ్మ నా భార్యను అడిగినప్పుడు నేను పక్కనే కూర్చుని ఉన్నాను. లేదంది. అది అబద్ధమని తెలిసీ ఊరుకున్నాను. వెనక మా వదిన, అంటే నా భార్య అక్క, నిలబడి ఉంది. ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

తమిళనాడులో, రాజపాళయంలో ఒక నూలు మిల్లు గోదాములో నా ఉద్యోగం. వచ్చిన పత్తి బేళ్లను తూకం వేసి, చుట్టిన గుడ్డకూ, కట్టిన పట్టీలకూ, తేమకూ తరుగు తీసి అసలు బరువు తేలుస్తాను. ఏ అంకె చూసినా అందులోంచి కొంత తీసేస్తేనే నాకు నమ్మకం.

మోకాళ్ల నొప్పికి రోజూ నడిచి కాస్త బరువు తగ్గమని డాక్టరమ్మ ముందే ఒకసారి చెప్పి ఉంది. ఎంత తగ్గాలో నేను తేల్చాను. మిల్లులో అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది: సెంటీమీటర్లలో ఎత్తు కొలిచి వంద తీసేస్తే మగవాడి బరువు, ఆడవాళ్లకు అందులో పదో వంతు తగ్గించాలి. ఆమెను గోడకు ఆనించి కొలిచాను. నూట యాభై ఎనిమిది. లెక్కకు యాభై రెండు వచ్చింది. అక్కడ ఆగాల్సింది. చీరకు, గాజులకు అంటూ తరుగు తీసి నలభై ఏడు అన్నాను. చీరతో తూకమేసేటప్పుడు లెక్కకు కలపాల్సిన చోట తీసేశానని అప్పుడు తట్టలేదు.

"నలభై ఏడా? పెండ్లప్పుడు గూడా అంత లేను నేను," అని నవ్వింది.

వారం వారం తూకం చూసేవాణ్ని. సత్రపట్టి నుంచి వచ్చిన వదిన ఒకసారి, "మా చెల్లెలేమన్నా పత్తి బేలా మరిదీ, తూకమేసేదానికి?" అంది. నేనూ నవ్వాను.

రాత్రి టిఫిన్ మానేసి మజ్జిగతో పడుకునేది. జుట్టు ఊడింది. నలభై ఏడు దాటి ఇంకా దిగింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో పడిపోయింది. అప్పుడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను, ఆమె ఆ ప్రశ్న అడిగింది. బాగా తింటూ ఇంత తగ్గితే లోపల ఏదో ఉందేమోనని మదురైలో స్కాన్ తీయించమంది.

స్కాన్‌కు బయల్దేరి వదినతో కలిసి ముగ్గురం బస్టాండులో నిలబడ్డాం. కారణం నేనే అనుకుంటే ఒక భయం, నేను కాదేమో అనుకుంటే ఇంకో భయం.

"నాకేదో వచ్చింది," అంది నా భార్య మెల్లగా. "ఇప్పుడు ఆకలి గూడా అయ్యేది లేదు. తగ్గేది మీరు చెప్పినందుకే అనుకుంటా ఉంటిని. అది గాదు."

మదురై బస్సు వచ్చింది. ఎక్కబోతున్న వదినను ఆపాను.

"మళ్లా మన డాక్టరమ్మ దగ్గరికే పోదాము. నేను చెప్పాల్సింది ఒకటుంది."

"ఇప్పుడా మరిదీ?"

"ఇప్పుడే."

అంతా విని డాక్టరమ్మ అరవంలో తిట్టింది. ఆ లెక్క ఉత్త అంచనా అనీ, ఎముకను బట్టి, వయసును బట్టి అటూ ఇటూ ఉంటుందనీ, ఈమె యాభై, అరవై మధ్య ఎక్కడున్నా చాలనీ చెప్పింది. ముందు కడుపునిండా తినాలి, రక్తం చూశాకే స్కాన్ సంగతి అంది.

రక్తం ఇచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాం. ఏం వస్తుందో తెలియదు. మంచి కబురు విన్నాక చెబితే అది చెప్పినట్టు కాదనిపించింది.

"అంకె నేను తప్పు చెప్పినాను," అన్నాను, వదిన వింటూ ఉండగానే. "ఆ దినము డాక్టరు అడిగితే నోరు మూసుకున్నాను. నువ్వు ఒంటిగా భయపడినావు. నన్ను మన్నించు."