తొమ్మిది ఉత్తరాల కైండ్లీ

బస్సును ఇంగ్లీషుతో ఆపొచ్చని నమ్మినవాణ్ణి నేను. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని కాబట్టి, ఈ తెలివితక్కువతనం నాకు ఉద్యోగంతో పాటే వచ్చింది.

తొంభైల చివర్లో మా ఆవిడ రావులపాలెంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. పొద్దున్న బస్సు మా ఊరి లాకుల దగ్గర ఆగేది కాదు. కాలవ గట్టున రెండు కిలోమీటర్లు నడిచి పక్కూళ్లో ఎక్కాలి. ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం మానిపించేస్తానని హెడ్మిస్ట్రెస్ అనేసింది. బస్సు ఆపించి తీరాలనుకుని డిపోకు అర్జీ టైపు చేయించాను. "కైండ్లీ"తో మొదలుపెట్టి "కైండ్లీ"తోనే ముగించాను.

ఆ మాటకు నిఘంటువులో 'దయతో' అని ఉంటుంది. వాడుకలో మాత్రం అది ఎటు ప్రయాణిస్తోందో చూసుకోవాలి. కింది నుంచి పైకి వెళ్తే చేతులు కట్టుకుంటుంది. పై నుంచి కిందికి దిగితే కళ్లెర్రజేస్తుంది. "కైండ్లీ సంజాయిషీ ఇవ్వండి" అని మా స్కూలుకు వచ్చే కాగితాల్లో దయ ఎక్కడుందో నాకెప్పుడూ దొరకలేదు.

జవాబు రాలేదు. నేనూ వదల్లేదు. ఉత్తరానికో కైండ్లీ చొప్పున పెంచుకుంటూ పోయాను.

"ఈసారి ఎన్నండీ?" అంది మా ఆవిడ, చెప్పులకంటిన బురద కడుక్కుంటూ.

"ఏడు."

"అన్ని బ్రేకులేస్తే లారీ అయినా ఆగుతుందండి. మన బస్సే మరీ మొండిది."

తొమ్మిదో ఉత్తరమూ అయిపోయాక ఆవిడే సెలవు పెట్టి డిపోకు బయల్దేరింది. సంచి మోసే హోదాలో నేనూ వెళ్లాను.

"ఏవండీ, మా లాకుల దగ్గర రోజూ ఎక్కాల్సినవాళ్లం ఇరవై మందిమి ఉన్నామండి. బస్సు ఆపిస్తాననేదాకా ఇక్కణ్ణుంచి లేవను," అని మేనేజరు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దీనికి అంత మాటెందుకమ్మా? రేపట్నుంచి ఆపిస్తాను. ముందే చెప్పొచ్చు కదా?" అన్నారాయన.

"మా ఆయన తొమ్మిది ఉత్తరాలు రాశారండి."

పక్క బల్ల దగ్గర గుమస్తా తలెత్తాడు. "అవాండి! అంత ఇంగ్లీషు చూసి మనకి కాదేమోనని పై ఆఫీసుకి పంపేశానండి."

ముగ్గురూ నావైపు చూశారు. నేను సంచి వైపు చూశాను.

మర్నాడు బస్సు ఆగింది. మూడు నెలల తర్వాత పై ఆఫీసు నుంచి నాకు ఇంగ్లీషులో జవాబొచ్చింది. సదరు బస్సును ఎందుకు ఆపాలో కారణాలు రాసి, కైండ్లీ మూడు ప్రతులు పంపమని.

పోస్టుకార్డు తీసి తెలుగులో రాశాను: "బస్సు ఆగుతోందండి. ఇక మీరూ ఆగండి."

ఒక్క ప్రతే పంపాను.