పావుతక్కువ ఆరు ఉప్పాడ బస్సు

రిటైరవడానికి తొమ్మిదేళ్ల ముందు, మాఘమాసంలో, నన్ను కాకినాడ నుంచి పిఠాపురం బస్టాండుకి ట్రాఫిక్ సూపర్‌వైజరుగా వేశారు. డిపో మేనేజరుకి కింద, కండక్టర్లకి పైన ఉండే ఉద్యోగం అది. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతున్నారు అన్నది చూసుకోవాలి. ఎక్కే జనాన్ని మేం ‘లోడు’ అంటాం. తెల్లవారగానే డ్రైవర్లు వెలిగించే అగరొత్తుల వాసన, డీజిలు వాసన, ఉప్పాడ నుంచి వచ్చిన తొలి బస్సులోంచి దిగే చేపల బుట్టల వాసన కలిసి ఆ బస్టాండుకి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ ఊళ్లో పొద్దున్నే బస్సు దిగినా ఆ వాసన కోసం వెతుక్కుంటాను.

నేను చేరిన వారానికి మహారాష్ట్ర నుంచి ఒక యాత్రికుడి ఉత్తరం వచ్చింది. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామున రైలు దిగారట. గుడికి వెళ్దామంటే బస్సు లేదు, ఉప్పాడ బీచ్‌కి వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే మనిషి లేడు. ముసలి తల్లిని ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టుకుని రెండు గంటలు గడిపామని రాశాడు. అది చదివి నాకు సిగ్గేసింది. మేనేజరుగారు ఉత్తరం నా టేబుల్ మీద పెట్టి, ఏదో ఒకటి చూడమన్నారు.

ఒక్క సాయంత్రంలో చూసేశాను. అప్పట్లో ఒక బస్సు రాత్రికి ఉప్పాడలోనే ఉండిపోయి, పొద్దున్న ఆరింటికి పావు తక్కువకి పిఠాపురం బయలుదేరేది. దీన్ని నైట్ హాల్ట్ అంటారు. నేను ఆ హాల్ట్ తీసేశాను. బస్సు పిఠాపురంలోనే ఉండి, ఆరింటికి రైల్వే స్టేషన్ నుంచి గుడి మీదుగా ఉప్పాడ వెళ్లి, అక్కణ్ణుంచి ఏడింటికి తిరిగొచ్చేలా రాశాను. డ్రైవరు వీర్రాజు ఇంటి దగ్గర పడుకోవచ్చని సంతోషించాడు. నెల రోజులు ట్రయల్ అని ఆర్డరు వచ్చింది.

పదిహేనో రోజున నూకాలమ్మ అనే ఆవిడ ఆఫీసుకి వచ్చింది. ఉప్పాడ మనిషి, యాభై దాటుంటాయి. వాచ్‌మన్ వద్దన్నాడని బుట్ట గేటు బయటే దించి వచ్చింది. బస్సు గంటంపావు వెనక్కి జరిగిందని, ఆ బస్సుకొచ్చే పదకొండుమంది ఆడవాళ్లకీ బేరాలు పోతున్నాయని చెప్పింది. రైలు ప్రయాణికుల ఇబ్బంది నేను వివరించాను.

“రైలు దిగినోళ్లకి గంట ఆలస్యమైతే దేవుడెక్కడికీ పోడండి. మా చేపకి గంట ఆలస్యమైతే అడిగేవోడు ఉండడండి” అంది.

ట్రయల్ పూర్తికానిదే ఏమీ చేయలేమన్నాను. ఆవిడ వెళ్లబోతూ, “తమరెప్పుడన్నా ఆ బస్సెక్కారాండి?” అని అడిగింది. ఎక్కలేదు.

మర్నాడు ఎక్కాను. స్టేషన్ దగ్గర ఏడుగురు యాత్రికులు ఎక్కి, ఏడుగురూ గుడి దగ్గర దిగిపోయారు. ఉప్పాడ దాకా వెళ్లింది నేనూ, వీర్రాజూ, కండక్టరు సత్యవతిగారూ. రోజూ ఇంతేనండి అందావిడ. దర్శనం కాకుండా బీచ్‌కి ఎవరొస్తారు? ఆ మాట ప్రతిపాదన రాసేటప్పుడు నాకు తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో నూకాలమ్మ పక్క సీట్లో కూర్చున్నాను. పలకరించింది కానీ నన్నేమీ అనలేదు. మార్కెట్ చేరేసరికి ఎనిమిది కావస్తోంది. పిల్లల్ని బళ్లకి పంపే ఇళ్లవాళ్లు అప్పటికే కొనుక్కుని సంచులతో ఎదురొస్తున్నారు. పదింటికి కూడా ఆవిడ బుట్ట సగానికి సగం అలాగే ఉంది. ఉప్పు పట్టించి ఎండబెట్టుకోవడమే అని మూత వేసుకుంది.

నా ప్రతిపాదన తప్పని నా చేతితోనే నోట్ రాసి మేనేజరుగారికి ఇచ్చాను. ఆయన చదివి, ఇలాంటి నోట్ తన సర్వీసులో చూడలేదన్నారు. సంతకం మాత్రం పెట్టారు. పావుతక్కువ ఆరు బస్సు మళ్లీ మొదలైంది. యాత్రికుల కోసం తొమ్మిదింటికి గుడి నుంచి ఉప్పాడకి ఒక ట్రిప్పు కలిపాం. స్టేషన్లో టైముల బోర్డు హిందీలో కూడా రాయించాం. తొమ్మిదింటి బస్సులో నిలబడటానికి చోటుండేది కాదు. “ఇంటి దగ్గర పడుకోమన్నది ఇరవై రోజులకేనాండి?” అని వీర్రాజు ఒక్కసారి అడిగాడు.

పదకొండుమందిలో ఎనిమిదిమందే తిరిగి తొలి బస్సుకొచ్చారు. నూకాలమ్మ రాలేదు. ఆ ఇరవై రోజుల్లో మార్కెట్లో ఆవిడ ఏళ్ల తరబడి కూర్చున్న చోటు ఇంకొకరికి పోయిందట. తరవాత వీధుల్లో బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముతూ కనిపించేది. నన్ను చూస్తే “బాగున్నారాండి” అనేది. ఆ చోటు ఇప్పించడం నా చేతిలో లేదు. మార్కెట్ వాళ్లని రెండుసార్లు అడిగాను, కుదరలేదు.

తరవాత నా కింద పనిచేసిన కుర్ర సూపర్‌వైజర్లందరికీ ఒకటే చెప్పాను. కొత్త టైము రాసేముందు పాత టైముకి ఎక్కే మనుషుల పేర్లు కనుక్కోండి. టైము ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు. ఆ టైము మీద బతికే మనిషిని వెనక్కి తేలేం.